ఫ్యాన్ కింద ఒకటో కంట్రోలర్

మా బావ మంచివాడే. గెలిచినప్పుడు నవ్వే నవ్వు ఒక్కటే భరించలేం. అక్క పెళ్లయిన మూడో రోజు, చుట్టాలందరూ చూస్తుండగా, ఫైటింగ్ గేమ్‌లో నన్ను వరసగా ఐదుసార్లు ఓడించి, "మరదలికి బటన్లు నొక్కడం వచ్చు, ఆడడం రాదు" అన్నాడు. పక్కనే కూర్చున్న మా అక్క నవ్వింది. బావ నవ్వును ఎలాగో మింగాను. అక్క నవ్వు మాత్రం గొంతు దిగలేదు. అంతవరకు ఆ ఆట మా ఇద్దరిదే. ఒకటో కంట్రోలర్ నాది, రెండోది ఆమెది.

వాళ్లు గిద్దలూరు వెళ్లిపోయిన మర్నాటి నుంచే నేను సాధన మొదలుపెట్టాను. మార్కాపురంలో కాలేజీ అయ్యాక ఇంటికి రావడం, పుస్తకాలు మంచం మీద పారేయడం, ట్రెయినింగ్ మోడ్ పెట్టుకోవడం. అందులో ఎదుటి బొమ్మ ఎంత కొట్టినా తిరిగి కొట్టదు, అలగదు, ఒక్క మాట అనదు. అంత మంచి మనిషి మా ఇంట్లో ఇంకెవరూ లేరు.

నేను పట్టుకున్న కాంబోలో, అంటే ఎదుటివాడికి ఊపిరి తిరగనివ్వకుండా వేసే వరసలో, ఏడు దెబ్బలు. కాలితో తన్ని, మనిషిని గాల్లోకి లేపి, నేల మీద పడేలోపు మిగతావన్నీ వేసేయాలి. నాలుగో దెబ్బ దగ్గరే చిక్కంతా. బొటనవేలిని కింది నుంచి కుడికి తిప్పుతూ, ఆ తిప్పు పూర్తయ్యే క్షణంలోనే గుద్దు బటన్ నొక్కాలి. రవ్వంత ముందైతే ఉత్త గుద్దు పడుతుంది. రవ్వంత ఆలస్యమైతే వాడప్పటికే కింద పడి ఉంటాడు. వరసగా పది సార్లు పడితే తప్ప లేవకూడదని ఒట్టు పెట్టుకున్నాను. తొమ్మిదోసారి తప్పితే మళ్లీ ఒకటి నుంచే. బొటనవేలు బొబ్బెక్కింది. దాన్ని చూపించి కొన్నాళ్లు గిన్నెలు తోమడం కూడా తప్పించుకున్నాను.

సాయంత్రం గొర్రెలను దొడ్లోకి తోలి వచ్చిన నాయన గుమ్మంలో నిలబడి కాసేపు చూసేవాడు. "పొద్దు నుంచి ఒగటే తన్ను తన్నుతుండావు. వానికింకా బుద్ధి రాలేదా?" అనేవాడు.

నాలుగు నెలలకు కంభంలో ఏదో పెళ్లికి వచ్చి, అక్కా బావా అటు నుంచి మా ఇంటికి వచ్చారు. బావ మజ్జిగ తాగుతూనే, "ఏం మరదలా, బటన్లు అరిగినాయా?" అన్నాడు. అరిగింది బటన్లు కాదు, నా వేలు అనుకుంటూ వెళ్లి నా చోట్లో కూర్చున్నాను. వంటింట్లోంచి అమ్మ తొంగిచూసింది.

"ఏమే, బుద్ధుందా? లేచి మీ బావను ఫ్యాన్ కింద కూచోనీ."

మా ముందు గదిలో ఫ్యాన్ నడుమన ఉండదు. మేస్త్రీకి ఏం తోచిందో, ఎడమ గోడ వైపు కొక్కెం పెట్టాడు. ఒకటో కంట్రోలర్ వైరు పొట్టిది, ఆ ఫ్యాన్ కిందికి తప్ప రాదు. ఒకటో కంట్రోలర్ పట్టుకున్నవాళ్ల బొమ్మ టీవీలో ఎడమ పక్క నిలబడుతుంది, రెండోవాళ్లది కుడి పక్క. కుడి పక్కన ఉంటే తిప్పుడంతా తిరగబడుతుంది. కింది నుంచి కుడికి తిప్పేది ఎడమకు తిప్పాలి. నేనా వైపు నుంచి ఒక్కసారి కూడా సాధన చేయలేదు. ఇంటికి వచ్చిన అల్లుడు ఫ్యాన్ కిందే కూర్చుంటాడని, పెళ్లప్పుడు కూడా అక్కడే కూర్చున్నాడని నాలుగు నెలల్లో నాకు తట్టనే లేదు. నా తెలివికి నేనే దండం పెట్టుకోవాలి.

మూడు రౌండ్ల ఆట. మొదటి రౌండ్లో నా వేలు దానంతటది కుడికే తిరిగింది. నా బొమ్మ కొట్టడం మాని, కొత్త కోడలిలా వెనక్కి వెనక్కి జరిగింది. ఓడిపోయాను. రెండో రౌండ్లో బావ ఉత్సాహం పట్టలేక నా బొమ్మ తల మీదుగా దూకి అవతల పడ్డాడు. దాంతో నేను ఎడమ పక్కకు వచ్చాను. ఏడు దెబ్బలూ పడ్డాయి. బావ నోరు తెరిచాడు. ఆ నోరు మూసుకునేలోపు మరోసారి వేసి ఆ రౌండ్ గెలిచాను.

మూడో రౌండ్లో నాకు దారి తెలిసిపోయింది. ఆయన్ను దాటి దూకితే చాలు. దూకబోయాను. బావకు అర్థం కాలేదు. "ఏంది మరదలా, నా నెత్తి మీదనే దుంకుతుండావు?"

"అది కావాలనే దుంకుతుంది" అంది అక్క, నవ్వు ఆపుకుంటూ. "దానికి ఎడమ పక్క నుంచి తప్ప రాదు. దాన్ని దాటనీయొద్దు."

ఆ తర్వాత బావ నన్ను దాటనివ్వలేదు. దూకిన ప్రతిసారీ గాల్లోనే కొట్టాడు. ఓడిపోయాను. గొర్రెలకు నీళ్లు పెట్టాలని చెప్పి దొడ్లోకి వెళ్లి ఏడ్చాను. మా ఇద్దరికే తెలిసిన సంగతి అక్క ఆయన చేతిలో పెట్టేసింది. ఇక మా అక్క మా అక్క కాదనిపించింది. ఆ సాయంత్రమంతా ఆమెతో మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున బావ నాయన వెంట చేను చూడడానికి వెళ్లాడు. నేను ముందు గదిలోకి వచ్చేసరికి అక్క ఫ్యాన్ కింద కూర్చుని ఉంది, చేతిలో ఒకటో కంట్రోలర్. రెండోది నా వైపు తోసింది.

"కూచో. నేను ఊరికే నిలబడతా, నువ్వు కొట్టు. తిప్పేది ఎడమకు. గుద్దు ఎప్పటి లెక్కనే."

"నీకెట్ల తెలుసు?" అన్నాను, మూతి ముడుచుకునే.

"ఇన్నేండ్లు ఆ పక్క ఆడింది ఎవరంట?"

కూర్చున్నాను. మొదట్లో తప్పాయి. తర్వాత ఒకటి పడింది, రెండు పడ్డాయి. మూడోదానికి మెడ వెనక నుంచి చెమట కారి వీపు తడిసింది. బావతో ఆడినప్పుడు తప్ప నేనెన్నడూ కూర్చోని చోటది, చిన్నప్పటి నుంచి అక్కది. తలెత్తి ఫ్యాన్ చూశాను. గిర్రున తిరుగుతూనే ఉంది. అక్క జుట్టు ఎగురుతోంది.

"ఇక్కడికి గాలే రాదేందక్కా?"

అక్క టీవీ మీది నుంచి చూపు తిప్పలేదు.

"రాదులే. మూడయినాయి. నాలుగోది కొట్టు."