వనజక్క చెయ్యని సంతకం

నిన్న డబ్లిన్ శివార్లలో, లెపర్డ్స్‌టౌన్‌లోని మా ఆఫీసులో ఎవరో వానకి తడిసిన ఉన్నికోటు తెచ్చి గది వెచ్చబెట్టే రేడియేటర్ మీద ఆరేశారు. ఆ తడి ఉన్ని వాసన తగలగానే నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. వనజక్క కోటు అచ్చం అలాగే వాసన వేసేది. అంతమందిలో కళ్ళు తుడుచుకుంటే బాగుండదని లేచి కెటిల్ దగ్గరికి వెళ్ళాను.

వనజక్కది వరంగల్. డబ్లిన్‌లో నేను ఎమ్మెస్సీకి చేరేనాటికి అదే యూనివర్సిటీలో పీహెచ్‌డీ చివరికొచ్చింది. మాంద్యం ముదిరిన రోజులవి. పార్ట్‌టైం పనులు పోయాయి, అద్దె ఇళ్ళలో హీటింగ్ వెయ్యాలంటే బిల్లు భయం. అమ్మాయిలం ఎవరి గదిలో వాళ్ళం దుప్పటి కప్పుకుని కూర్చునేవాళ్ళం. గుంటూరులో నోరు మూతపడని నేను ఒకసారి వరసగా మూడు రోజులపాటు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ సంగతి చెబితే అక్క కంగారు పడింది.

“గిట్లయితే పిచ్చి లేస్తది. మనకొక రూము కావాలె. వెచ్చగ కూసొని మాట్లాడుకునే రూము,” అంది.

క్యాంపస్‌లో గది ఇవ్వాలంటే గుర్తింపు ఉన్న సొసైటీ, అంటే విద్యార్థి సంఘం, కావాలి. దానికి నియమావళి రాయాలి, కమిటీని ఎన్నుకోవాలి, నలభైమంది విద్యార్థుల సంతకాలూ ఐడీ కార్డు నంబర్లూ శుక్రవారం ఐదింటిలోగా ఇవ్వాలి. తప్పితే మళ్ళీ ఏడాది ఆగాల్సిందే. పరాయి దేశాల నుంచి వచ్చిన అమ్మాయిల సొసైటీ అని పేరుపెట్టి నియమావళి అక్క రాసింది. సంతకాల పని నాకు అప్పగించింది.

బుధవారానికి ఇరవైరెండు వచ్చాయి. మిగతా పేర్లూ నంబర్లూ మా ల్యాబ్ తలుపు మీద జాబితాలో ఉండనే ఉన్నాయి. ఇంజనీరింగ్ నాలుగేళ్ళూ స్నేహితురాళ్ళకి ప్రాక్సీ హాజరు వేసిన చెయ్యి ఊరుకుంటుందా! టీ చల్లారేలోపు పద్దెనిమిది సంతకాలు రకరకాల వంపులతో గీకేశాను. పైగా నా తెలివికి నేనే మురిసిపోయాను.

కాగితం చూపిస్తే అక్క ఒక పేరు మీద వేలు పెట్టింది. “ఈ మారియా ఎవరే?”

“మా ల్యాబ్‌లో బ్రెజిల్ అమ్మాయి.”

“ఎట్లుంటది?”

కాగితం వెనక్కి లాక్కోబోయాను.

“మొఖం గూడ తెల్వదు. ప్రాక్సీ ఏసినవా?”

“ఎవరు చూస్తారక్కా? అడిగితే మాత్రం కాదంటుందా?”

“మరి అడగకపోయినవ్? ఆ పిల్ల గూడ నీ లెక్కనే గదిల ఒక్కతే కూసున్నదేమో. ఆమెను పిలవకుండనే ఆమె పేరు రాసుకుంటివి. ఇగ ఆ రూము ఎవరికోసమే?”

సిగ్గుతో చచ్చిపోయాను. అక్క స్కేలు పెట్టి పద్దెనిమిది గీతలు కొట్టింది, కోటు తొడుక్కుని నన్ను బయల్దేరదీసింది. రెండు రోజులు వానలో కాళ్ళరిగేలా తిరిగాం. మారియా సంతకం పెట్టి, “గది ఎప్పుడు తెరుస్తారు?” అని రెండుసార్లు అడిగింది. ఆ ముఖం నేనింకా మరిచిపోలేదు.

శుక్రవారం ఐదుకి పావుగంట ఉందనగా ముప్పైతొమ్మిది అయ్యాయి. ఇంకేం, పెన్ను అక్కకి అందించబోయాను. తీసుకోలేదు.

“నాది చెల్లదే. పోయిన వారం థీసిస్ ఇచ్చేసిన, కార్డు బందయింది. ఈడ కొలువు దొరకలే. వచ్చే నెల ఇంటికి పోతున్న.”

నాకు ఏడుపు ఆగలేదు. “నేను రాసేస్తానక్కా. నీ నంబరు నాకు నోటికొచ్చు.”

“మల్లా ప్రాక్సీయేనా?” అని నవ్వి నెత్తిన ఒక మొట్టికాయ వేసింది. “పో, ఇంకొకరిని అడుగు.”

క్యాంటీన్‌లో కిటికీ పక్కన ఒక చైనా అమ్మాయి ఒంటరిగా సూప్ తాగుతోంది. ముక్కూమొహం తెలియని మనిషిని అక్క తోడు లేకుండా పలకరించడం నాకదే మొదలు. కాగితం చూపించి సంగతి చెప్పాను. ఆ అమ్మాయి చెంచా పక్కన పెట్టి, కుర్చీ లాగి కూర్చోమంది, సంతకం పెట్టింది. పరుగున వెళ్ళి కాగితం ఇస్తే సొసైటీల ఆఫీసులో ఆవిడ లెక్కపెట్టుకుని, “గ్రాండ్!” అని ఇక్కడి మాటలో సరే చెప్పి గది తాళంచెవి చేతికిచ్చింది.

ఆ సొసైటీ ఇప్పటికీ నడుస్తోంది. దాని కాగితాల్లో ఎక్కడ వెతికినా వనజక్క పేరు కనిపించదు.

నిన్న కెటిల్ మరిగేలోపు ఆ కోటు ఎవరిదో తెలిసింది. మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయిది. శుక్రవారం అందరం కలిసి చేసే భోజనానికి ఆమె పేరు సోమవారమే జాబితాలో రాసేశాను. రాశానే గానీ ఒక్క మాటా అడగలేదు. నెత్తి మీద మొట్టికాయ పడ్డట్టయింది. రెండు కప్పుల్లో టీ పోసుకుని ఆమె దగ్గరికి వెళ్ళాను.

“శుక్రవారం మాతో వస్తావా?” అని అడిగాను.