దీబ్ గేటు దాకా నడిచిన రోజు

నా చిన్నప్పుడు మేం కువైట్‌లో ఉండేవాళ్లం. హవల్లీలో ఒక అరబ్బు ముసలావిడ ఇంటి పై వాటా మాది. డెబ్భైల చివరి మాట ఇది, నాకప్పుడు పదేళ్లు. నాన్న ఇంజనీరు, అమ్మ ఆస్పత్రిలో నర్సు. వాళ్లిద్దరూ ఇల్లు చేరేసరికి సాయంత్రమయ్యేది. నేను మాత్రం మధ్యాహ్నమే బడి నుంచి వచ్చి, పుస్తకాల సంచీ మెట్ల మీద పడేసి, కింద వాటాలోకి వెళ్లిపోయేదాన్ని.

కింద ఇంటావిడ, ఆవిడ పనిమనిషి ఇద్దరే ఉండేవాళ్లు. పనిమనిషిది రాయచోటి. ఆవిడ ఇంటావిణ్ణి 'మామా' అనేది, మనం అమ్మగారు అన్నట్టు. అది విని మేమూ మామా అనడం అలవాటు చేసుకున్నాం. పనిమనిషిని మాత్రం నేను ఖాలా అనేదాన్ని. ఖాలా అంటే ముస్లింల ఇళ్లలో పిన్ని. బడి నుంచి రాగానే "ఏం తింటివి పాపా పొద్దున" అని తెలుగులో అడిగే మనిషి ఆ ఊళ్లో నాకు ఆవిడొక్కతే.

ఆ ఇంటి వాకిట్లో దీబ్ ఉండేది. దీబ్ అంటే అరబ్బీలో తోడేలు. అది దూడంత అల్సేషియన్ కుక్క. మామా భర్త దాన్ని పిల్లగా తెచ్చి పెంచాడట. ఆయన రోజూ మధ్యాహ్నం మూడు దాటాక, అసర్ నమాజు వేళకు కొట్టు నుంచి ఇంటికొచ్చేవాడు. ఆయన పోయి మూడేళ్లయినా దీబ్ ఆ వేళకు లేచి, గేటు దాకా వెళ్లి, కాసేపు నిలబడి, వెనక్కి వచ్చి పడుకునేది. మామా కిటికీలోంచి రోజూ అది చూసేది. 

ఆ ఏటికే దీబ్ వెనక కాళ్లు పట్టు తప్పుతున్నాయి. వెన్నులో నరాలు నీరసించిపోతున్నాయనీ, నొప్పి ఉండదు గానీ నయమూ కాదనీ పశువుల డాక్టరు చెప్పాడని నాన్న అన్నాడు. నడుస్తుంటే వెనక పాదాలు లోపలికి మడుచుకుపోయి, గోళ్లు సిమెంటుకు రాసుకుని రక్తం వచ్చేది. ఖాలా వాటికి పాత మేజోళ్లు తొడిగేది. కాళ్లు జారకుండా వాకిలంతా బియ్యం గోనెసంచులు పరిచింది. మడిచిన పాత తువ్వాలు దాని పొట్ట కింద నుంచి పోనిచ్చి, రెండు కొసలూ పైన పట్టుకుని వెనకాలే నడిచేది. ఒకే వైపు పడుకుంటే పుండ్లు పడతాయని పూటకు రెండుసార్లు అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టేది. కుక్క పని కోసం ఒక పాత గౌను విడిగా మేకుకు తగిలించి ఉండేది. కుక్క తగిలిన బట్టతో నమాజు చేయకూడదని, ఆ వేళయితే అది విప్పేసి, చేతులు మోచేతుల దాకా తోముకుని, వేరే బట్టలు కట్టుకుని వెళ్లేది. అయ్యాక మళ్లీ గౌను వేసుకుని వచ్చేది. ఇన్నిసార్లు బట్టలు మార్చుకోవడం విసుగు కాదా అని అడిగితే, "ఆ పని అల్లాది, ఈ పనీ అల్లాదే" అంది.

మామా పెద్ద కొడుకు వేరే ఇంట్లో ఉండేవాడు. ప్రతి శుక్రవారం వచ్చి ఒకే మాట అనేవాడు. దీనికి సూది వేయించేద్దాం, ఖలాస్, ఎందుకీ యాతన అని. చెడ్డవాడేం కాదు. దాన్ని చూడలేక అనేవాడని నాకిప్పుడు అనిపిస్తుంది. మామా చివరికి ఒక మాట ఇచ్చింది. అది తన కాళ్ల మీద గేటు దాకా వెళ్లి వచ్చినన్నాళ్లూ ఉంటుంది. వెళ్లలేని రోజున నీ ఇష్టం.

అంతలో మామా ఉమ్రా యాత్రకు మక్కా బయలుదేరింది. తోడుగా ఖాలాను తీసుకెళ్లింది. ఆ పది రోజులూ దీబ్‌ను చూసుకునే పని మధ్యాహ్నాలు నాకూ, సాయంత్రాలు నాన్నకూ అప్పజెప్పారు.

నేను చాలా ప్రేమగా చూసుకున్నాను. అదే తప్పయింది. అది లేవబోయి తూలితే నాకు ఏడుపొచ్చేది. అందుకని తువ్వాలు రెండు చేతులా బిగించి, వెనక కాళ్లు నేలకు తగలకుండా ఎత్తేసేదాన్ని. నీళ్ల గిన్నె మూతి దగ్గరికే తెచ్చేదాన్ని. మాంసం ముక్కలు నోటికి అందించేదాన్ని. నాలుగైదు రోజులకు అది లేవడానికి ప్రయత్నించడం మానేసింది. అసర్ వేళకు తలెత్తి గేటు వైపు చూసేది, మళ్లీ తల వాల్చేసేది. హమ్మయ్య, ఇక పడదు అనుకున్నాను. నాన్న అడిగితే హాయిగా పడుకుంటోందని చెప్పాను.

ఖాలా వచ్చిన రోజు మధ్యాహ్నం దీబ్ దగ్గర కూర్చుని దాని తొడలు తడిమి చూసింది. కండ కరిగిపోయి ఎముక తగులుతోంది. "ఎన్నాళ్లయింది పాపా లేసి?" అంది. చెప్పాను.  మరునాడు శుక్రవారం. కొడుకు వచ్చి చూసి, డాక్టరును పిలుస్తానన్నాడు. మామా వచ్చే శుక్రవారం దాకా ఆగమంది.

వాళ్లు లోపలికి వెళ్లాక ఖాలా నన్ను వంటింటి గడప మీద కూర్చోబెట్టి రొట్టె, పెరుగు తెచ్చింది. నేను చెయ్యి చాచితే పక్కకు నెట్టి తనే తుంచి నోట్లో పెట్టింది. ముద్దు చేస్తోందనుకుని తిన్నాను. గ్లాసు అందుకోబోతే అదీ తనే పట్టింది. మూతి తుడుచుకోబోతే తుడిచింది. చెప్పులు వేసుకోబోతే నా కాళ్లు పట్టుకుని తొడిగింది. మెట్లెక్కబోతే వెనక నుంచి రెండు చంకల కిందా చేతులు వేసి ఒక్కొక్క మెట్టూ ఎత్తి పెట్టసాగింది. నాలుగో మెట్టు దగ్గర నాకు ఒళ్లు మండిపోయింది.

"వదులు ఖాలా. నాకు రాదా ఏంటి? నేనెక్కగలను."

ఆవిడ చప్పున వదిలేసింది. "నీకు నోరుండాది గాబట్టి అంటివి" అంది. "అది ఏమని సెప్పుకుంటాది?"

నేను అక్కడే కూలబడి ఏడ్చాను. ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "పడేదాన్ని పట్టుకోవల్ల పాపా. నిలబడేదాన్ని ఎత్తాకు. అది ఎంత సేసుకుంటాదో అంత దానికే ఇడ్సిపెట్టు."

ఆ వారం ఖాలా నీళ్ల గిన్నెను నాలుగడుగుల దూరంలో పెట్టింది. మొదటిరోజు దీబ్ గిన్నెను చూసింది, నన్ను చూసింది. మూలిగింది. నేను పరుగెత్తకుండా ఖాలా నా జడ పట్టుకుని కూర్చోబెట్టింది. రోజుకు నాలుగుసార్లు దాని కాళ్లు నూనెతో రుద్ది, ముడిచి చాచేది, నా చేతా చేయించేది. రెండో రోజు సాయంత్రం అది ముందుకాళ్లు ఊని, వెనక భాగాన్ని ఈడ్చుకుంటూ గిన్నె దాకా వెళ్లింది. మూడో రోజు తువ్వాలు ఆసరాతో లేచి నిలబడింది. ఆ నీళ్లు తాగినట్టు అది ఇంకెప్పుడూ తాగలేదనుకుంటాను, గిన్నె అంతా ఖాళీ చేసింది.

శుక్రవారం మామా వాకిట్లో కుర్చీ వేయించుకుని కూర్చుంది. పక్కనే కొడుకు. మా అమ్మా నాన్నా మెట్ల మీద నిలబడ్డారు. అసర్ అజాన్ వినిపించింది. దీబ్ చెవులు నిక్కబొడుచుకుని లేచింది. ఖాలా వెనకాల తువ్వాలు పట్టుకుని నడుస్తోంది గానీ దాన్ని వదులుగానే పట్టుకుంది. నేను కళ్లారా చూశాను. సగం దూరంలో వెనక కాళ్లు ముడుచుకుపోయి దీబ్ కూలబడింది. కొడుకు ఒకడుగు ముందుకు వేశాడు. మామా చెయ్యి అడ్డం పెట్టింది. నేనూ పరుగెత్తబోయాను. ఖాలా నా వైపు చూడకుండానే "ఆగు పాపా" అంది.

ఎంతసేపు ఆగామో నాకు తెలియదు. దీబ్ రొప్పుతూ అలాగే ఉండి, ముందుకాళ్లు బిగించి, వణుకుతూ లేచింది. గేటు చేరింది. రేకుకు తల ఆనించి నిలబడింది.

మామా ముసుగు కొసతో కళ్లు ఒత్తుకుని, "ఖల్లీ" అంది. ఉండనివ్వు అని. కొడుకు వంగి ఆవిడ తల మీద ముద్దు పెట్టి లోపలికి వెళ్లిపోయాడు.

దీబ్ ఆ ఎండాకాలమంతా బతికింది. చలికాలం వచ్చేసరికి వెనక కాళ్లు పూర్తిగా పోయాయి. అప్పటికీ ఖాలా దాన్ని ముందుకాళ్లతో గేటు దాకా పాకనిచ్చేది. ఒక ఉదయం అది నీళ్లకు కూడా తల ఎత్తలేదు. ఆ రోజు ఖాలానే వెళ్లి మామాకు చెప్పింది, మామానే డాక్టరును పిలిపించింది. సూది వేస్తున్నంతసేపూ దాని తల ఖాలా ఒళ్లో ఉంది. ఆపాలని గానీ తొందర పెట్టాలని గానీ ఎవరికీ అనిపించలేదు. మరో రెండేళ్లకు ఖాలా రాయచోటి వెళ్లిపోయింది. తర్వాత కబురు లేదు.

మూడేళ్ల కిందట మా ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి కొద్దికొద్దిగా తిరుగుతోంది. పొద్దున చొక్కా గుండీలు పెట్టుకోవడానికి ఆయనకు పావుగంట పడుతుంది. ఇంటికొచ్చినవాళ్లు చూసి, పెట్టేయొచ్చుగా, ఎంతసేపు పని అంటారు. కొందరు నన్ను రాతిగుండె అని కూడా అనుకుని ఉంటారు. మొదట్లో నా వేళ్లు వాటంతటవే ముందుకు వెళ్లేవి. చేతులు కట్టుకుని వాటిని ఆపుకునేదాన్ని. ఇప్పుడు అలవాటైంది. ఆయన తూలితే అందేంత దగ్గరలో, ఆయనకు అడ్డం రానంత దూరంలో నిలబడతాను. కింది గుండీ ఒక్కోసారి మూడుసార్లు జారిపోతుంది. నాలుగోసారి కాజాలో దూరుతుంది. ఆయన తలెత్తి "అయింది" అంటారు. అప్పుడు వెళ్లి కాఫీ కలుపుతాను.