ఎవరి తల మీద చేయి

నా రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, కరోనా సద్దుమణిగిన ఏడాది జూన్‌లో, నన్ను ఆత్మకూరు నుంచి ఉదయగిరి దగ్గరి ఒక పల్లె చర్చి సంఘానికి కాపరిగా వేశారు. కాపరి అంటే ఆదివారం ప్రసంగం చెప్పేవాడనే చాలామంది అనుకుంటారు. సభ్యుల పుస్తకం చూసుకోవడం, తప్పు చేసినవాళ్ల మీద విచారణ జరపడం కూడా మా పనే. పెద్దలు తీర్మానం రాస్తారు, కాపరి సంతకం పెడితేనే అది చెల్లుతుంది.

ఆ వానాకాలంలో లారీ డ్రైవరు యేసుదాసు కూతురు జ్వరంతో చనిపోయింది. ఆరేళ్ల పిల్ల. సమాధుల తోటలో అందరి ముందూ అతను దేవుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాడు. నేనూ విన్నాను. ఆ మాటలు ఇక్కడ రాయను.

పదిరోజులకు పెద్దలు కూర్చున్నారు. సంఘం కార్యదర్శి ప్రకాశం మాస్టారు తీర్మానం ముందే రాసుకొచ్చాడు. దైవదూషణ చేసినందుకు యేసుదాసు ఇంటిల్లిపాదికీ వెలి. ఊరి కట్టుబాటు తప్పినవాడి ఇంటికంతా నిప్పూ నీళ్లూ ఆపడం మావాళ్లు తరతరాలుగా చూసిందే. దాన్నే గుళ్లోకి తెచ్చి, బైబిల్ ధర్మశాస్త్రం అనుకున్నారు. యేసుదాసు తల్లి మరియమ్మవ్వ అప్పటికే మంచాన పడి ఉంది. నేను సంతకం పెడితే ఆమెకు ప్రభు సంస్కారపు రొట్టె, ద్రాక్షరసం అందవు, పోయాక తోటలో చోటూ ఉండదు. నాకు ఒళ్లు మండింది.

విచారణకు పిలిపించిన యేసుదాసు తల వంచలేదు. “అనింది నేనే. కాదనను, రాసుకోండి. మాయమ్మ ఏమనిందని ఆమె పేరు కొడతా ఉండారు?” అన్నాడు.

ధర్మశాస్త్రం అడిగారు కాబట్టి ధర్మశాస్త్రమే చెప్పాను. మోషే కాలంలో ఒకడు దేవుణ్ణి దూషిస్తే, విన్నవాళ్లు ముందు సాక్ష్యంగా అతని తల మీద చేయి పెట్టాలన్నారు, ఆ తర్వాతే రాళ్లతో కొట్టాలన్నారు. అతని తల్లి పేరు కూడా అక్కడ రాసి ఉంది. రాళ్లు మాత్రం ఆమె మీద పడలేదు.

“విన్నవాళ్లు వచ్చి చేయి పెట్టండి,” అన్నాను. ముందు నేను యేసుదాసు తల మీద పెట్టాను. తర్వాత ముగ్గురు పెద్దలు వచ్చి పెట్టారు. “ఇప్పుడు అవ్వ ఇంటికి పోదాం పదండి. ఆమె తిట్టగా విన్నామని ఆమె తల మీదా పెడుదురు గాని.”

ఎవరూ లేవలేదు. మాస్టారు, “పెద్దలు రాసినాక కాపరి సంతకం పెట్టేది ఇక్కడి రివాజు అయ్యా. మీరు కొత్తగా వచ్చినారు,” అన్నాడు.

పెట్టనన్నాను. యేసుదాసును మాత్రం మూడు నెలలు ప్రభు సంస్కారానికి దూరంగా ఉంచుతూ వేరే కాగితం రాసి, దాని మీద సంతకం పెట్టాను. అతనూ పెట్టాడు. మర్నాడు పొద్దున్నే రొట్టె, ద్రాక్షరసం తీసుకుని మరియమ్మవ్వ మంచం దగ్గరికి వెళ్లాను. గుడి ముందు నుంచే, అందరూ చూస్తుండగానే వెళ్లాను.

నెల తిరక్కుండా నన్ను కలువాయికి మార్చారు. ఆ చలికాలంలో అవ్వ పోయింది. పుస్తకంలో పేరు ఉంది కాబట్టి కొత్త కాపరి ఆమెను తోటలోనే, మనవరాలి పక్కన పెట్టించాడు.

శిక్ష రాసేవాడు తప్పు చేసిన మనిషి పేరొక్కటే రాయాలి, కింద తన పేరు కూడా రాయాలి. ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇదే. నా బదిలీకి కారణమైన ఫిర్యాదు తర్వాత చూపించారు. కింద ‘ఇట్లు, సంఘస్థులు’ అని ఉంది. ఒక్క పేరూ లేదు.