పొర్లుదండాలకు ట్రైనింగ్

నాకు గవర్నమెంటు ఉద్యోగం వస్తే, మా ఊరి సుబ్రహ్మణ్యస్వామి గుడి చుట్టూ నేను మూడు చుట్లు పొర్లుదండాలు పెడతానని మా అమ్మ మొక్కుకుంది. మొక్కింది ఆమె, పొర్లాల్సింది నేను. మధ్యలో నన్ను ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. ఉద్యోగం వచ్చింది. తర్వాత పెళ్ళి, కాన్పులు, బదిలీలు, ఎలక్షన్ డ్యూటీలు. ఏటా ఆ స్వామి పండగ ఆడికృత్తిక వస్తుంది, ఏటా నాకేదో ఒక సాకు దొరుకుతుంది. అట్లా పద్దెనిమిదేళ్ళు నెట్టుకొచ్చాను. ఆ పద్దెనిమిదేళ్ళూ కుర్చీలో కూర్చునే చేశాను కాబట్టి, పొర్లాల్సిన సరుకు కూడా బాగా పెరిగింది.

పోయిన సంవత్సరం అమ్మ బాత్రూములో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసి లోపల స్టీలు బంతి పెట్టారు. నగరి పక్క ఊరి నుంచి తిరుపతిలో మా ఇంటికి తెచ్చుకున్నాం. నేలమీద కూర్చోకూడదనీ, ముందుకు వంగకూడదనీ, వంగితే బంతి జారి మళ్ళీ కోయాల్సి వస్తుందనీ డాక్టరు నాలుగుసార్లు చెప్పి పంపాడు. అమ్మ లెక్క మాత్రం వేరు.

"నా తుంటి ఎందుకు ఇరిగింది అనుకుంటా ఉండావు? నీ మొక్కు తీరకే."

"బాత్రూములో సబ్బునీళ్ళు ఉండినాయి మా."

"ఎవురు పోసినారు?"

"నువ్వే."

"నా చేత పోయించింది ఎవురు?"

ఆమె చేతికర్రను నేలకు తాటించి తీర్పు చెప్పింది. "సూడు పాపా, ఈ ఆడికృత్తికకు నువ్వు పొర్లకపోతే నేనే పొర్లుతా. మొక్కినదాన్ని నేనే గదా."

మా అమ్మ బెదిరింపులు బెదిరింపులు కావు, ముందస్తు సమాచారం. నాకు నిజంగానే భయం వేసింది. ఆడికృత్తికకు ఇంకా మూడు నెలల గడువు ఉంది. ఆ సాయంత్రమే హాల్లో సోఫాలు జరిపించి పడుకుని దొర్లి చూసుకున్నాను. నాలుగో దొర్లుకే టీవీ స్టాండు కింద ఉన్నాను. మా ఆయన సుద్దముక్కతో నేలమీద గీత గీసి మళ్ళీ పొర్లమన్నాడు. ఈసారి వంటింటి గుమ్మంలో తేలాను. కారణం నా ఆకారమే. తోతాపురి మామిడికాయను నేలమీద దొర్లించి చూడండి, అది తిన్నగా పోదు. ఒక పక్క లావు, ఒక పక్క సన్నం. నాదీ అదే సమస్య.

మర్నాడు మా వీధి చివర స్వీట్ల అంగడిపైన ఉండే జిమ్ములో చేరాను. పొద్దున ఆడవాళ్ళ బ్యాచి. కింద నుంచి మైసూరుపాకు వాసన, పైన ఇనుము మోత. ట్రైనరు కాగితం, పెన్ను పట్టుకుని అడిగాడు.

"గోల్ ఏంది మేడమ్? వెయిట్ లాసా, టోనింగా?"

"పొర్లాల."

"ఆఁ?"

"గుడి సుట్టూ. మూడు సుట్లు."

అతను నవ్వలేదు, అందుకు ఇప్పటికీ అతనంటే నాకు గౌరవం. గోల్ అని ఉన్నచోట 'పొర్లడం' అని గుండ్రంగా రాసుకున్నాడు. "దానికి స్టామినా కావాల మేడమ్, భుజాలు కావాల, పొట్టలో బలం కావాల" అన్నాడు.

"ఉండేవి సాలవా?"

"ఉండేవి లోపల్నే ఉండాయి మేడమ్. బయటికి తీయాల."

తీశాడు. మొదటి వారమంతా నా చేతులు భుజాలకంటే పైకి లేవలేదు. జడ మా ఆయనే వేశాడు. అది చూసి ఆఫీసులో పక్క సీటావిడ "ఏంది మేడమ్, మీ ఈదిలో గాలీవానా వచ్చిందా?" అని అడిగింది. అయినా జిమ్ము నాకు నచ్చింది. బరువు ఎత్తేటప్పుడు గట్టిగా అరవచ్చు. ఇంట్లో గిన్నెలు ఎత్తేటప్పుడు అరిస్తే ఎవరూ మెచ్చుకోరు, ఇక్కడ "సూపర్ మేడమ్" అంటారు.

ఇది మా ఆడబిడ్డకు నచ్చలేదు. ఆమె మా వెనక వీధిలోనే ఉంటుంది. కొత్తగా పిలాటిస్ అనే కసరత్తు క్లాసులో చేరి, చేరిన రోజు నుంచీ చెప్పులు విడిచేటప్పుడు కూడా నడుము నిటారుగా పెడుతోంది.

"వదినా, ఇనుము ఎత్తితే ఇనుము మాదిరే బిగుసుకుపోతావు. బిగుసుకున్నోళ్ళు యాడన్నా పొర్లతారా?"

ఆ మాట నన్ను కదిలించింది. నిజమే కదా, పొర్లడానికి మెత్తగా ఉండాలేమో. రోజు మార్చి రోజు పిలాటిస్‌కు కూడా పోవడం మొదలుపెట్టాను. ఏసీ హాలు, సన్నని సంగీతం. చెక్క చట్రం, దానిలో ముందుకు వెనక్కు జరిగే పలక, స్ప్రింగులు, తాళ్ళు. ఆ యంత్రాన్ని ఫోనులో వీడియో తీసి అమ్మకు చూపించాను. మాది నేతవాళ్ళ ఇల్లు. అమ్మ కళ్ళజోడు పైకి జరుపుకుని చూసి, "ఇది మగ్గం గదే! దీని మింద నువ్వు పండుకుంటే నేసేది ఎవురు?" అంది.

పిలాటిస్ టీచరమ్మ గొంతు ఎంత మెల్లనంటే, ఆమె తిడుతోందో జోల పాడుతోందో తెలియదు. "బొడ్డును వెన్నెముకకు ఆనించండి" అంటుంది. నా బొడ్డుకూ వెన్నెముకకూ మధ్య చాలా దూరం ఉంది, వాటికి పరిచయం కూడా లేదు. మొదటిరోజు ఇంటికొచ్చి, పడుకుని కాళ్ళాడించడం కూడా ఒక కసరత్తేనా అని మా ఆయన దగ్గర ఎగతాళి చేశాను. మర్నాడు తుమ్ము వచ్చింది. ఆ తుమ్ముతో పొట్టలో ఎన్ని కండరాలున్నాయో ఒక్కొక్కటీ తెలిసింది. రెండు రోజులు నవ్వినా ఏడుపొచ్చేది. జిమ్ములో నొప్పి అక్కడే అరిచి చెబుతుంది, పిలాటిస్ నొప్పి మర్నాడు తీరిగ్గా ఇంటికొస్తుంది.

ఒకరోజు టీచరమ్మ "ఇప్పుడు బంతిలాగా దొర్లుదాం" అనగానే నా ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళకు అసలు పాఠం వచ్చిందనుకున్నాను. తీరా చూస్తే అది ముందుకూ వెనక్కూ దొర్లడం. మోకాళ్ళు పట్టుకుని వెనక్కి పోయినదాన్ని మళ్ళీ ముందుకు రాలేదు. కాళ్ళు పైకి పెట్టుకుని అట్లాగే ఉండిపోయాను. "ఊపిరి వదలండి" అంది టీచరమ్మ. నా దగ్గర అప్పటికి మిగిలింది అదొక్కటే. పక్కకు దొర్లేది ఎప్పుడు నేర్పిస్తారని అడిగితే, పిలాటిస్‌లో అట్లాంటిది లేదంది. జిమ్ములోనూ లేదు. ఇంత పెద్ద ఊళ్ళో పక్కకు దొర్లడం నేర్పేవాళ్ళు ఒక్కరూ లేరు.

నేర్పేది మా అమ్మ ఒక్కతే. రోజూ సాయంత్రం కుర్చీలో కూర్చుని, "ఏం నేర్చుకోనొచ్చినావు, పొర్లు సూస్తాం" అనేది. నేను పొర్లేదాన్ని. "ఎడమకు పోతా ఉండావు. ఎడమకు! ఏమే, బీరువా కిందికి పోయి ఎవురికి పెడతావు దండాలు?" అని కర్రతో దారి చూపించేది. మూడో నెలకు వచ్చేసరికి సుద్దగీత మీద గోడదాకా పోగలిగాను. అది జిమ్ము ఘనతో పిలాటిస్ ఘనతో తేల్చుకోవడానికి మా ఆడబిడ్డా నేనూ రెండు ఆదివారాలు వాదించుకున్నాం. తేలలేదు.

ఆడికృత్తిక పొద్దున అందరం కారులో మా ఊరికి పోయాం. గుడి ప్రాంగణమంతా భక్తులు మోసే మొక్కుబడి కావళ్ళు, పసుపు బట్టలు, "అరోహరా" కేకలు. కొళాయి కింద తల తడుపుకుని తడిచీరతో ధ్వజస్తంభం దగ్గర పడుకున్నాను. చేతులు జోడించి తలపైకి చాచాను. పొర్లేవాళ్ళ పక్కన ఇంటివాళ్ళు నడుస్తూ, వంకర పోతే సరిచేయడం మా వైపు అలవాటు. నాకు ఒక పక్క మా ఆడబిడ్డ, ఇంకో పక్క మా ఆయన. అమ్మ కర్ర పట్టుకుని వెనక వస్తోంది.

మొదటి చుట్టు దర్జాగా అయింది. ఆడబిడ్డ "వదినా, బొడ్డు లోపలికి! పక్కటెముకలు!" అంటోంది. మా ఆయన జిమ్ము పాట అందుకున్నాడు, "ఇంకొక్కటి! ఇంకొక్కటి!" అని. రెండో చుట్టులో తోతాపురి బుద్ధి బయటపడి పులిహోర ప్రసాదం వరుసలోకి పోయాను. వరుసలో వాళ్ళు స్థలం వదలకుండా ఒక్కొక్కరే కాళ్ళెత్తి నాకు దారిచ్చారు. నన్ను బయటికి లాగుతుండగా వెనక నుంచి ఒక ముసలాయన దొర్లుకుంటూ వచ్చి, "కొంచెం పక్కన మా" అని నన్ను దాటుకుని పోయాడు. ఆయన ఏ జిమ్మో అడుగుదామనుకున్నాను, అందలేదు.

మూడో చుట్టు సగంలో నా పని అయిపోయింది. గోపురం నేలమీదికీ నేల గోపురం పైకీ తిరుగుతున్నాయి. కళ్ళలో బురద, నోట్లో బురద. మా ఆయన కేకలు ఎక్కడో దూరం నుంచి వినిపిస్తున్నాయి. వెల్లకిలా ఆగిపోయాను. ఇంక నా వల్ల కాదని చెప్పడానికి నోరు తెరిచాను.

అప్పుడు ఒంటి కన్నుతో చూస్తే, నా పక్కనే అమ్మ. కర్రను మా ఆడబిడ్డ చేతికిచ్చింది. కొంగు తీసి చేత్తో పట్టుకుంది. ఒక చేత్తో గుడి గోడను పట్టుకుని, నేలవైపు వంగుతోంది. మిగతాది తానే పొర్లబోతోంది.

"వద్దు మా!" అని అరిచి పొర్లాను. ఎట్లా పొర్లానో నాకు తెలియదు. బొడ్డు గుర్తులేదు, భుజాలు గుర్తులేదు. మా ఆడబిడ్డ కర్రను అమ్మకిచ్చేసి, మా ఆయనతోపాటు నా వెనక పరిగెత్తింది. ధ్వజస్తంభం తగిలి తల బొప్పి కట్టాక గానీ ఆగలేదు. చుట్టూ జనం "అరోహరా" అన్నారు.

లేచి మోకాళ్ళమీద కూర్చుని ఆయాసపడుతుంటే, అమ్మ కర్ర టకటకమనిపించుకుంటూ వచ్చింది. మొక్కు తీరినందుకు సంతోషిస్తుందనుకున్నాను. ముఖం చిటపటలాడుతోంది.

"ఏమే పాపా, అట్లా పారిపోతివే?"

"నువ్వు పొర్లేదానికి వంగితివి గదా మా!"

"నేనేడ పొర్లతాను, ఈ కాలితో? కంట్లో మన్ను పడి బిడ్డ అల్లాడతా ఉండాదని, తుడిసేదానికి వంగినా."

నాకు ఏడుపు ఆగలేదు. ఏడిస్తే కంట్లో మట్టి ఇంకా మండింది. అమ్మ మళ్ళీ కొంగు చేతిలోకి తీసుకుని నడుము వంచబోయింది. ఈసారి నేను పారిపోలేదు. ఆమెకు వంగే పని లేకుండా, మోకాళ్ళమీదే లేచి నా ముఖం ఆమె చేతికి అందేంత పైకి ఎత్తి పట్టుకున్నాను.