'కడగనిది' అని రాసిన సీసా

పదకొండేళ్లుగా ఒక గాజు సీసాను మోస్తున్నాను. అరచేతిలో ఇమిడే సీసా. లోపల నాలుగైదు చెంచాల నల్లపొడి, అంతే. దూదిలా తేలిపోయే పొడి. ఇంత తేలికైనది ఇన్నేళ్లయినా గుండె మీద నుంచి ఎందుకు దిగదు? మీకు చెబుతున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు.

నా పేరు వద్దు. పీహెచ్‌డీ చేసిన క్యాంపస్‌లోనే ఇప్పుడు పాఠాలు చెబుతున్నాను. పిల్లలు లేచి నిలబడి నమస్కారం పెడతారు. పెట్టిన ప్రతిసారీ ఎందుకో ఆ సీసా గుర్తొస్తుంది.

మా ల్యాబులో కార్బన్ నానోట్యూబులు తయారుచేసేవాళ్లం. కంటికి కనిపించనంత సన్నటి బొగ్గు గొట్టాలు. చూస్తే మాత్రం ఉత్త మసి. వాటిని జిగురులో కలిపి పలకలుగా పోస్తే, ఆ పలక మైక్రోవేవ్ తరంగాలను మింగేస్తుంది. గోడకు కొట్టిన బంతి తిరిగి రాకపోతే ఎలా ఉంటుంది? అలాగ. రాడార్ పనివాళ్లకు, ఎలక్ట్రానిక్స్ వాళ్లకు అలాంటి పలకలు కావాలి. ఎంత మింగిందో మిషన్ గ్రాఫుగా గీసి చూపిస్తుంది. గీత ఎంత లోతుకు దిగితే పలక అంత బాగా మింగినట్టు.

ఆ గీతను మా ల్యాబులో అందరికంటే లోతుకు దింపింది ఒక అమ్మాయి. నాకంటే రెండేళ్లు జూనియర్. రూతు అనుకోండి, అసలు పేరు కాదు. గుంటూరు వైపు నుంచి వచ్చింది. నాన్న చర్చిలో పనిచేసేవాడు. క్యాంపస్ దగ్గరే, అడిక్‌మెట్‌లో నలుగురు ఆడపిల్లలతో కలిసి ఒక గదిలో ఉండేది. మేమందరం సీసాల మీద ఇంగ్లీషులో అంకెలూ అక్షరాలూ రాసుకుంటే, తను తెలుగులో గుండ్రంగా రాసేది. తన సీసా మీద 'కడగనిది' అని ఉండేది.

కడగడమంటే, ఫర్నేసులోంచి తీసిన పొడిని యాసిడ్‌లో ఉతకడం. గొట్టాలు పెరగడానికి ఇనుము వాడతాం. ఆ ఇనుము రేణువులు పొడిలో మిగిలిపోతాయి. యాసిడ్‌లో ఉతికితే చాలావరకు పోతాయి. నా పనికి కడిగిన పొడే కావాలి. రూతు మాత్రం కడిగితే గొట్టాలు విరుగుతాయేమోనని భయపడి అలాగే వాడేది. గీత అంత లోతుకు దిగడానికి అసలు కారణం వేరే ఉందని అప్పటికి ఎవరికీ తెలియదు.

ఆ డిసెంబరులో తను క్రిస్మస్‌కు ఇంటికి వెళ్లింది. అదే వారం ఫర్నేసు కాలిపోయింది. నాకు జనవరి మొదట్లో రివ్యూ. ఒక పలకకు పొడి తక్కువైంది. ఏం చేశాను? ఆమె అల్మారా తెరిచి సీసా మొత్తం ఖాళీ చేసుకున్నాను. పక్కింట్లోంచి గ్లాసు చక్కెర తెచ్చుకుని, తర్వాత గ్లాసు చక్కెర ఇచ్చేస్తాం కదా, అంతే అనుకున్నాను. ఆ పొడిని యాసిడ్‌లో ఉతికాను. యాసిడ్ పచ్చబడింది. ఆ పచ్చనీళ్లను నా చేతులతోనే పారబోశాను. ఫర్నేసు బాగయ్యాక కొత్త పొడి చేసి, అలవాటు ప్రకారం కడిగి, ఆమె సీసాలో పాత మట్టం దాకా పోశాను. 'కడగనిది' అన్న అక్షరాలు చదువుతూనే పోశాను. శుభ్రంగా ఉన్నదాంతో నష్టమేముంటుందిలే అనుకున్నాను. అనుకున్నానా, అనుకున్నట్టు నన్ను నేను నమ్మించుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

ఫిబ్రవరిలో ప్రాజెక్టుకు నిధులిచ్చినవాళ్లు వచ్చి, ఆ లోతైన గీతను తమ ఎదురుగా చూపమన్నారు. రూతు ఆ సీసాలోంచి పొడి తీసి పలక పోసింది. గీత దిగలేదు. రెండోది పోసింది. దిగలేదు. మూడో పలకను రెండుసార్లు తుడిచి మిషన్‌లో పెట్టింది. అదీ అంతే. వచ్చినవాళ్లు మర్యాదగా టీ తాగి వెళ్లిపోయారు. తర్వాత మా గైడ్ సార్ అందరి ముందూ అడిగారు.

"మొదటి గ్రాఫు మిషన్ గీసిందా అమ్మా, నువ్వు గీశావా?"

తను ఏడవలేదు. గ్రాఫు కాగితం మడిచి నోటుబుక్కులో పెట్టుకుంది.

మర్నాడు పొద్దున అందరికంటే ముందే ల్యాబుకు వెళ్లాను. ఆమె సీసాలోంచి చిటికెడు పొడి కాగితం మీద వేసి అయస్కాంతం దగ్గర పెట్టాను. కదల్లేదు. ఫర్నేసు పళ్లెం అంచున అంటుకున్న, కడగని మసిని గీకి పెట్టాను. ఎగిరి అయస్కాంతాన్ని కరుచుకుంది. అప్పుడు అర్థమైంది. తరంగాన్ని మింగేది గొట్టాలొక్కటే కాదు, వాటిలో మిగిలిన ఇనుము కూడా. ఆ ఇనుమునే నేను పారబోశాను. ఒక్క అయస్కాంతం తీసుకుని సార్ గదికి వెళితే సరిపోయేది. పది నిమిషాల పని. వెళ్లలేదు.

మధ్యాహ్నం తనే నా బల్ల దగ్గరికి వచ్చింది.

"అన్నయ్యా, నేను ఊరెళ్లినప్పుడు నా సీసా ఎవరన్నా ముట్టుకున్నారాండీ?"

"లేదమ్మా. ఎవరు ముట్టుకుంటరు? నువ్వు పెట్టిన కాడనే ఉన్నది."

అయస్కాంతం అప్పుడు నా ప్యాంటు జేబులోనే ఉంది.

ఎందుకు అబద్ధమాడాను? థీసిస్ ఇచ్చే సంవత్సరం. సార్ కోపం తెలుసు. దొంగతనం అన్న మాట నా మీద పడితే ఇక అంతే అనుకున్నాను. ఇవన్నీ నిజమే. కానీ ఇంకొకటుంది, అది చెప్పకపోతే ఇదంతా రాయడం దండగ. ఆమె గీత నా గీతల కంటే లోతుకు దిగిన రోజు నుంచీ నాకు కడుపుమంటగా ఉండేది. మూడో పలక విఫలమైనప్పుడు, ఒక్క క్షణం, నాకు హాయిగా అనిపించింది.

రూతు ఏప్రిల్‌లో మానేసింది. సీసా అల్మారాలోనే వదిలేసింది. దాన్ని నేను ఇంటికి తెచ్చుకున్నాను.

ఇక్కడితో ఆగితే పిరికివాడిని అని సరిపెట్టుకునేవాడిని. ఆగలేదు. ఏడాది తర్వాత కడిగిన పొడితో ఒక పలక, కడగని పొడితో ఒక పలక పోసి, రెండు గీతలూ పక్కపక్కన పెట్టి పేపరు రాశాను. ఇనుము మిగిలితేనే మింగుతుంది అన్నది నా పేరు మీద అచ్చయింది. ఈ ఉద్యోగం దాంతోనే వచ్చింది. ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన మెచ్చుకుంటూ, ఈ ఆలోచన మీకెలా వచ్చింది అని అడిగారు. కడిగాక పొడి తూకం తగ్గడం చూసి అనుమానం వచ్చింది సార్ అన్నాను. తడుముకోకుండా అన్నాను. అప్పటినుంచి ప్రతి బ్యాచిలోనూ ఎవరో ఒకరు అదే అడుగుతారు, నేను అదే చెబుతాను.

పోయిన నెల సాయంత్రం తార్నాకలో మెట్రో మెట్లు దిగుతుంటే వెనక నుంచి "అన్నయ్యా" అని వినిపించింది. తిరిగి చూస్తే రూతు. చంకలో జవాబు పత్రాల కట్ట, జుట్టులో అక్కడక్కడా తెలుపు. మౌలాలిలో ఒక స్కూల్లో సైన్సు చెబుతోందట. పారిపోవాలనిపించింది. కానీ ఆమె మొహం వెలిగిపోతోంది.

"మీ పేపరు చదివానన్నయ్యా. ప్రింటు తీసి దాచుకున్నాను కూడా. నేనే ఎప్పుడో కడిగిన పొడి నా సీసాలో పోసేసుకుని ఉంటాను. అప్పట్లో అమ్మకు ఒంట్లో బాగోక నా బుర్ర పనిచేసేది కాదు. కానీ మొదటి గ్రాఫు నిజమేనని మీ వల్లే తెలిసిందండీ. ఇన్నేళ్లూ నన్ను నేనే అనుమానించుకున్నాను. చాలా థ్యాంక్స్."

నోరు తెరిచాను. చెప్పేద్దామనే తెరిచాను. వచ్చిన మాట ఇది:

"పోనీ తియ్ అమ్మా. పొరపాట్లు అందరికీ అయితయి."

చూశారా? ఆమెను క్షమించాను.

ఆమె బస్సెక్కి, కిటికీలోంచి చెయ్యూపింది. నేనూ ఊపాను. ఆమె చెయ్యని తప్పును ఆమె నెత్తిన పెట్టుకుని వెళ్లిపోతుంటే చూస్తూ నిలబడ్డాను. స్కూలు పేరు చెప్పింది, వెళ్లాలంటే అరగంట దారి. ఈ నెల రోజుల్లో రెండుసార్లు మౌలాలి బస్సు ఎక్కి, మధ్యలోనే దిగిపోయాను. ఉద్యోగం పోతుందనే భయం ఉంది. అంతకంటే పెద్ద భయం, ఆ రోజు వెలిగిన ఆ మొహం నా ఎదురుగా ఆరిపోతుందని. మూడోసారి ఎక్కుతానో లేదో మాటివ్వలేను. నా మాటకు ఉన్న విలువ మీకు తెలిసిపోయింది కదా.

నిన్న క్లాసులో ఒక అమ్మాయి మళ్లీ అడిగింది, సార్, ఈ ఆలోచన మీకెలా వచ్చింది అని. పాత జవాబు నోటిదాకా వచ్చింది, మింగేశాను. గంట కొట్టేదాకా బోర్డు తుడుస్తూ నిలబడ్డాను. జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఆలోచన నాది కాదు. రూతు సీసా ఖాళీ చేసింది నేను. కడిగిన పొడి పోసింది నేను. ఎవరైనా ముట్టుకున్నారా అని ఆమె అడిగితే, లేదన్నది నేను.