అంగిలి పళ్ళ తగువు

మీసం లేని ఆ మనిషిని మ్యూజియంలో అందరూ మీసాలాయన అనేవారు. బతుకంతా మంచినీటి జెల్లలతో, ఆ మీసాల చేపలతోనే గడిచింది మరి. చేపల జాతులు గుర్తించే ఆ పని ఆయనకు నేర్పింది బావ, అంటే అక్క మొగుడు. ఇద్దరివీ పక్కపక్క బల్లలు. సెలవొస్తే భోజనం అక్క ఇంట్లోనే.

ఒకసారి కొండవాగు నుంచి సీసాలో కొన్ని జెల్లలు వచ్చాయి. నోరు తెరిచి చూస్తే అంగిలి మీది పళ్ళ పట్టీ మధ్యలో తెగి రెండు ముక్కలుగా ఉంది. తెలిసిన జాతికి అది ఒకటే పట్టీ. రెక్కముల్లు, వెన్నుపూసలు, గాలితిత్తి అన్నీ పోల్చి, ఇది కొత్త జాతేనని మీసాలాయన వ్యాసం రాసి సమావేశంలో చదివాడు.

బావ లేచాడు. "అవి పిల్లచేపలు. పెరిగితే ఆ పట్టీ కలిసిపోతుంది. మా బావమరిదికి పిల్లకీ పెద్దకీ తేడా తెలియలేదు."

హాలంతా నవ్వింది. ఆ నవ్వు మీసాలాయనకు గొంతులో ముల్లయి కూర్చుంది. మర్నాడే బల్ల పై అంతస్తుకు మార్పించుకున్నాడు. అక్క ఫోన్ చేస్తే, "పనిలో ఉన్నానక్కా" అనేవాడు. కొన్నాళ్ళకు ఆమే మానేసింది. బావ రిటైరయిన రోజున సెలవు పెట్టాడు.

పెద్ద చేప కోసం ఏళ్ళ తరబడి వాగు వెంట తిరిగాడు. చివరికి పొట్టనిండా గుడ్లున్న ఆడజెల్ల చిక్కింది. కండను మందునీళ్ళలో గాజులా తేటపరిచి, ఎముకలకు ఎర్రరంగు పట్టించి చూశాడు. పట్టీ రెండు ముక్కలే! "చూశావా బావా" అని పక్కకు తిరిగాడు. గోడ ఉంది.

వ్యాసం అచ్చయ్యాక అక్క ఇంటికి వెళ్ళాడు. తలుపు తీసిన అమ్మాయి, "ఎవరు కావాలండీ?" అంది. ఒకప్పుడు తను భుజాల మీద మోసిన మేనకోడలు.

బావ కళ్ళద్దాలు తుడుచుకుని వ్యాసంలోని బొమ్మలన్నీ చూశాడు. "కొత్త జాతేరా. నేనే పొరబడ్డానేమోనని ఎప్పటినుంచో అనుమానం. నువ్వొచ్చి పోట్లాడతావని ఎదురుచూశాను."

"ఒక్క మాట చెప్పకూడదూ?"

"నువ్వు పలికితే గదా!"

"దానికి నా పేరు పెట్టలేదు కదరా? అసలే మీసాలది!" అంది అక్క.

ముగ్గురూ నవ్వారు.

ఆ తర్వాత రాకపోకలు మొదలయ్యాయి. మేనకోడలు మామయ్యా అని పిలవడం నేర్చుకుంది గానీ, 'మీరు' అనడం మాత్రం మానలేదు.