ఒర్రె పక్కన నాలుగు గూనలు

మొన్న పొద్దున జనగామలో మా ఇంటి ముందు లారీ ఆగి, పనివాళ్లు నీళ్లు పోయే మోరీ కోసం తెచ్చిన సిమెంటు పైపులను దించి, దుమ్ము లేవకుండా వాటి మీద నీళ్లు కొట్టగానే తడి సిమెంటు వాసన గుప్పున వచ్చింది. నిరుడే వేసిన రోడ్డును ఇప్పుడు తవ్వుతున్నారు కదా, రోడ్డు ముందా మోరీ ముందా అని అడగడానికి కొంగు నడుముకు చెక్కి బయటికి వచ్చినదాన్ని, ఆ వాసనకు అక్కడే నిలబడిపోయాను. నన్ను అట్లా ఆపడం ముప్ఫై ఏళ్లుగా మా ఆయనకు చేతకాలేదు.

నర్సింహులపేట దగ్గర మా ఊరు. ఊరికీ పెద్ద రోడ్డుకూ నడుమ ఒక ఒర్రె ఉండేది. ఎండాకాలం మేకలు కాళ్లు తడవకుండా దాటిపోయేవి, వానాకాలం మాత్రం మనిషిని పడదోసేంత ఉరుకుతో పారేది. దాని మీద కల్వర్టు కడతామని ఎవరో నాలుగు పెద్ద సిమెంటు పైపులు దించిపోయారు. ఊళ్లో వాటిని గూనలు అనేవాళ్లు. కట్టేవాళ్లు మళ్లీ రాలేదు. దాంతో అవి పిల్లల సొంతమయ్యాయి.

ఊరంతా పెనంలా కాలుతుంటే గూన లోపల చల్లగా ఉండేది; వీపు ఆనిస్తే గరుకుగా తగిలేది, అరిస్తే మన గొంతే పెద్దమనిషి గొంతై తిరిగొచ్చేది. సీతాఫలాలను గడ్డిలో పెట్టి అక్కడే మాగేసేవాళ్లం, బతుకమ్మకు తెంపుకొచ్చిన గునుగు, తంగేడు వాడిపోకుండా అక్కడే దాచేవాళ్లం, సద్దుల నాడు మలీద ముద్దలు, నువ్వుల సత్తుపిండి ఒకరి చేతిలోంచి ఒకరం లాక్కుని అక్కడే తినేవాళ్లం. రెండో గూన నాది. చెప్పులు బయట విడవనిదే ఎవరినీ రానిచ్చేదాన్ని కాదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, నడి ఎండాకాలంలో, జీపులో ఒక ఆఫీసరు వచ్చాడు. పెద్దవాళ్లంతా ఎక్కడి పనుల్లో అక్కడున్నారు. గూనలో కూర్చున్న నన్ను చూసి, "ఏం పాపా, వానలు పడితే ఇక్కడ దాటలేనంత నీళ్లు వస్తాయా?" అని అడిగాడు. వస్తాయంటే కల్వర్టు కడతాడు, కడితే నా ఇల్లు మట్టి కిందికి పోతుంది.

"రావు సారూ. పాదాలు గూడ తడ్వయి," అన్నాను.

ఆయన ఏదో రాసుకుని పోయాడు. పని ఆగింది. నా మాటకే ఆగిందో, కాగితమే ఎక్కడన్నా పోయిందో అప్పటికి తెలియదు, గూనలు మాత్రం మిగిలాయి.

ఆ వానాకాలం మా అవ్వ, నాయినను కన్నతల్లి, పాలు పోసి వస్తూ ఒర్రెలో జారిపడింది. తుంటి విరిగింది. సర్పంచు పోయి ఆఫీసులో అడిగితే, నీళ్లు రావని మీ ఊరివాళ్లే చెప్పారు కదా అన్నారట. మంచంలో ఉన్న అవ్వ పాదాలకు నేను ఆముదం రాస్తున్నాను.

"గట్ల ఎవడు చెప్పిండో గని, వాని నోట్లె మన్నువడ! జర గట్టిగ రాయవే పిల్లా, నీకు పుణ్యముంటది."

గట్టిగా రాశాను.

తర్వాత కాలేజీకి పోయి, వాదించడం నేర్చుకుని, ఈ సంగతి నా తరఫున నేనే ఎన్నోసార్లు వాదించాను. ఎండిన ఒర్రెను చూసి, తొమ్మిదేళ్ల పిల్లను అడిగి పోయే సర్వే ఏం సర్వే? దించిన గూనలు అన్నేళ్లు ఎవరికీ గుర్తు రాకపోతే తప్పు నాదా? ప్రతిసారీ గెలిచాను. గెలిచిన ప్రతిసారీ అవ్వ కట్టె పొడుచుకుంటూ నా కళ్ల ముందు నుంచి నడిచిపోయింది.

ఆమె పోయాక గాని కల్వర్టు కట్టలేదు, గూనలు మట్టిలోకి దిగలేదు. ఇప్పుడు పూడిక తీసే దిక్కులేక మూసుకుపోయాయి. ఒర్రె మళ్లీ దారి మీద నుంచే పారుతోంది. ఊరికి పోయినప్పుడల్లా వంగి చూస్తాను. నా గూన ఏదో గుర్తుపట్టలేను.

మొన్న లారీ వెనకే వచ్చిన ఇంజనీరమ్మ, మా బిడ్డ ఈడుది, "అమ్మా, ఈడ వాన నీళ్లు నిలుస్తయా?" అని అడిగింది. ఆమె వెనక పైపులో అప్పటికే చేరిన పిల్లలు మాటలాపి నా వైపు చూశారు. పైపు బయట రెండు జతల చిన్న చెప్పులు.

"మోకాలి దాక నిలుస్తయి బిడ్డా. రాస్కో. నేను సూస్తుండంగనే రాయి."

రాసింది. పైపులు ఇప్పుడే తవ్విన కాలువలోకి దింపుతాం, పిల్లల్ని బయటికి పిలవండి అంది.

నేను నా చెప్పులు విడిచి, ఆ రెండు జతల పక్కన పెట్టి, పైపులోకి వంగాను.